ఏడుంపావు వెంకటరామయ్యగారు

వెంకటరామయ్యగారికి తాగుడు లేదు, పేకాట లేదు, ఒకరి జోలికి పోయే అలవాటు అసలే లేదు. ఉన్నదల్లా ఒక్కటే. కంటపడిన ప్రతి వస్తువూ ఎంత వంపు తిరిగి ఉందో కొలవాలి. కొలవకపోతే ఆయనకు ముద్ద దిగదు. కొలిస్తే పక్కవాళ్లకు ముద్ద దిగదు.

దానికి కావాల్సిన సరంజామా చొక్కా జేబులోనే ఉంటుంది. నలుగురూ పెన్ను పెట్టుకునే చోట ఆయన నాలుగు స్టీలు రేకులు తాళాల గుత్తిలా రింగుకు గుచ్చి పెట్టుకుంటారు. ఒక్కో రేకుకు ఒక అంచు లోపలికి గుంటగా, ఎదుటి అంచు బయటికి ఉబ్బెత్తుగా కోసి ఉంటాయి. కొలవాల్సిన దాని మీద రేకు ఆనించి, కంటి ఎత్తుకు తెచ్చి, ఒక కన్ను మూసి, మధ్య సందులోంచి వెలుతురు కనిపిస్తోందేమో చూస్తారు. కనిపించకపోతే వంపు సరిపోయినట్టు. కనిపిస్తే పెదవి విరిచి, "వెలుతురు వస్తోందండి" అంటారు.

ఆ మాట వింటే ఉదయశ్రీకి ఒళ్లు మండిపోతుంది.

ఉదయశ్రీది సిద్దిపేట. హైటెక్ సిటీలో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రాజెక్టు మేనేజరు. ఆఫీసులో ఒక బ్యాండుంది, దానికి ఆమే పెద్దదిక్కు. ఆమె పాడుతుంది, అనంతపురం ప్రశాంత్ డ్రమ్స్ కొడతాడు, టెస్టింగ్ విభాగంలో పెద్దాయన, తెనాలి వాస్తవ్యులు వెంకటరామయ్యగారు గిటారు వాయిస్తారు. వాయిస్తారు అనడం మర్యాద కోసం. ఎక్కువసేపు గిటారును కొలుస్తుంటారు.

గిటారు మెడ మీద వేళ్లు నొక్కే పలక ఉంటుంది కదా, అది బల్లపరుపుగా ఉంటుందని మనబోటివాళ్లం అనుకుంటాం. ఉండదట. సన్నటి వంపు ఉంటుందట. ఆ పలకను ఏదో గుండ్రటి గొట్టంలోంచి చీల్చి తీశారనుకోండి, ఆ గొట్టం నడిమధ్య నుంచి అంచు దాకా ఎన్ని అంగుళాలో అదే ఆ మెడ లెక్క. గొట్టం చిన్నదైతే వంపు ఎక్కువ, పెద్దదైతే వంపు తక్కువ. కాబట్టి ఏడుంపావు అంటే బాగా గుండ్రం. తొమ్మిదిన్నర ఓ మోస్తరు. పన్నెండు చదును వైపు. పదహారు దాదాపు రొట్టెల పీట. గుండ్రటి మెడ మీద తీగలన్నీ ఒకేసారి అదిమి పట్టడం సుఖం, చదునుదాని మీద ఒక్కో తీగనూ సాగదీసి గమకాలు పోవడం సుఖం. ఇదంతా ఉదయశ్రీ అడిగి తెలుసుకున్నది కాదు. లిఫ్టులో నాలుగో అంతస్తుకు వెళ్లేలోపు ఆయన చెప్పేశారు. దిగేటప్పుడు ఇంకొకసారి చెప్పారు.

ఆయన మనుషుల్ని కూడా ఆ లెక్కలోనే చూస్తారు.

"కొత్తగా వచ్చిన హెచ్చార్ ఆవిడ పదహారండి. మాట బల్లపరుపు."

"మరి నేనేంది సార్?" అని ప్రశాంత్ ముచ్చటపడి అడిగాడు.

"పొట్ట వరకైతే ఏడుంపావు."

వైస్ ప్రెసిడెంటు నారాయణప్పగారి సంగతి వేరు. నున్నటి బట్టతల, నడినెత్తి కాస్త చదును, ఆఫీసు లైట్లకు మెరుస్తుంటుంది. ఒకరోజు ఉద్యోగులందర్నీ హాల్లో కూర్చోబెట్టి ఆయన కంపెనీ భవిష్యత్తు గురించి వీడియో చూపిస్తున్నారు. మొదటి వరసలో ఆయన, సరిగ్గా ఆయన వెనక కుర్చీలో వెంకటరామయ్యగారు, ఆ పక్కన ఉదయశ్రీ. కంపెనీ భవిష్యత్తు ఉజ్వలంగా ఉందని తెలిసేలోపు జేబులోంచి రేకు బయటికి వచ్చింది. ఉదయశ్రీ మోచేత్తో పొడిచింది, కాలు తొక్కింది. లాభం లేకపోయింది. చల్లటి స్టీలు తగిలి నారాయణప్పగారు ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు. అప్పటికి రేకు ఉదయశ్రీ చేతిలో ఉంది.

"ఏమ్మా?"

"దోమ సార్," అంది ఉదయశ్రీ.

మర్నాడు ఆ అంతస్తంతా దోమల మందు కొట్టించారు. అందరూ పొగలో దగ్గుకుంటూ కీబోర్డులు తుడుచుకుంటుంటే వెంకటరామయ్యగారు ఆమె దగ్గరికి వచ్చి, "పన్నెండో, తొమ్మిదిన్నరో తేలకుండానే లాగేశారండి మీరు," అని నొచ్చుకున్నారు. ఆ తేలని లెక్క ఆయన్ని పంట్లో ఇరుక్కున్న పీచులా వేధిస్తూనే ఉంది. నారాయణప్పగారు కారిడార్లో ఎదురైనప్పుడల్లా నమస్కారం పెట్టి, ఆయన వెళ్లిపోయాక మెడ సాచి చూసేవారు.

ఇవన్నీ ఉదయశ్రీ భరించింది. భరించలేనిది ఇంకొకటి ఉంది.

నిజానికి ఆ బ్యాండులో గిటారు ఉదయశ్రీదే. కాలేజీ రోజుల నుంచీ వాయించేది. కిందటి వానాకాలం తెల్లాపూర్ నుంచి ఆఫీసుకు వస్తూ గోపన్‌పల్లి దగ్గర స్కూటీ జారి పడింది. ఎడమ చెయ్యి చూపుడు వేలు విరిగింది. ఎముక అతుక్కుంది గానీ వేలు పూర్తిగా చాపడానికి రాలేదు. ఎంత సాపు చేద్దామన్నా కాస్త వంగే ఉండిపోయింది. దవాఖానలో "ఇంతకన్నా రాదమ్మా" అన్నారు. బిందె ఎత్తడానికి, టైపు కొట్టడానికి ఆ వేలితో ఏ ఇబ్బందీ లేదు. గిటారు మీద ఎఫ్ పట్టడానికే ఇబ్బంది. ఎఫ్ అంటే కొన్ని స్వరాలు ఒకేసారి పలికే పట్టు. దానికి చూపుడు వేలిని గడియకర్రలా అడ్డంగా పరిచి ఆరు తీగలూ ఒక్కసారి అదమాలి. ఆమె వేలు రెండు చివర్లా ఆనేది, నడుమ ఆనేది కాదు. నడిమి తీగలు మోగకుండా టపటపా చచ్చేవి.

వేలు సాపు కాలేదని ఆమె ఎవరికీ చెప్పలేదు. "ప్రాజెక్టు పనితోని టైం దొరుకుతలేదు, ఇగ పాడుత అంతే," అని తన గిటారు రిహార్సల్ గది అల్మారాలో పెట్టేసింది. ఒకసారి ప్రశాంత్ అమాయకంగా, "అక్కా, వేలు ఇంకా నొప్పిగా ఉందా?" అన్నాడు. "నా వేలికేమైంది? మంచిగనే ఉంది. నీ డ్రమ్ము సంగతి చూస్కో," అని విరుచుకుపడింది. వాడు రెండు వారాలు ఆమెతో మాట్లాడటానికి జంకాడు. ఆ తర్వాత ఆ వేలి ఊసు ఎవరూ ఎత్తలేదు.

కానీ ఆమె కట్టిన పాట ఒకటుంది. స్కూటీ మీంచి పడకముందు కట్టుకున్నది. సిద్దిపేటలో వాళ్ల మేనత్త ఇంటి రేకుల కప్పు మీద పడే వాన చప్పుడు, ఆ చప్పుడంతా గిటారు మీటడంలోనే ఉంది. హైటెక్ సిటీ కంపెనీలన్నీ కలిసి ప్రతి ఏడూ పెట్టే పాటల పోటీలో ఆ పాట తనే వాయిస్తూ పాడాలని ఆమె కోరిక. ఇప్పుడు వెంకటరామయ్యగారు వాయించాలి. ఆయన గమకాలతో అందంగా వాయిస్తారు. ఆయన చేతిలో పడితే సిద్దిపేట వాన కాస్తా తెనాలి పన్నీటి జల్లు అయ్యేది. ఉదయశ్రీ పాడుతూనే లోపల్లోపల ఏడ్చుకునేది.

అదీ వాయిస్తే కదా! ఆయన గిటారుకు మెడ నాలుగు స్క్రూలతో బిగించి ఉంటుంది. విప్పేసి ఇంకొకటి బిగించుకోవచ్చు. ఆ సౌకర్యం కనిపెట్టినవాడెవడో దొరికితే ఉదయశ్రీ వాడి మెడ విప్పేది. శుక్రవారం సాయంత్రం రిహార్సల్ అంటే వెంకటరామయ్యగారు ఓ స్క్రూడ్రైవరు, ఓ కొత్త మెడ పట్టుకుని దిగేవారు.

"ఏం సార్, ఈవారం ఎవురి మెడ తెచ్చినారు?" అనేవాడు ప్రశాంత్.

"పోయిన శుక్రారంది మంచిగనే ఉండె గద సార్, మల్ల ఎందుకు మార్చిన్రు?" అనేది ఉదయశ్రీ.

"అది పన్నెండండి. మరీ చదును. ఇది తొమ్మిదిన్నర. ఉదయశ్రీ గారూ, మీరు ఒక్కసారి ఎఫ్ పట్టి చూడండి."

"నేనెందుకు సార్? వాయించేది మీరు."

"నా వేలికి అలవాటైపోయిందండి, తేడా తెలియదు. కొత్తవేలైతే తెలుస్తుంది. ఒక్కసారి. మీకు పుణ్యముంటుంది."

లోకంలో ఇన్ని స్వరాలుండగా ఈయనకు ఎఫ్ తప్ప దొరకదా అని ఆమెకు చిర్రెత్తుకొచ్చేది. పట్టనంటే వేలి సంగతి బయటపడుతుందని భయం, అందుకని పట్టేది. నడిమి తీగలు టపటపమనేవి. వెంకటరామయ్యగారు మాత్రం తలాడిస్తూ గిటారు తీసుకుని, రేకు ఆనించి, కన్ను మూసి, "మెడలోనే ఉందండి లోపం. వెలుతురు వస్తోంది," అని స్క్రూలు విప్పేవారు. ఇంత చెవి పెట్టుకుని, తప్పు మెడదో వేలిదో తెలుసుకోలేని మనిషిని టెస్టింగ్‌లో ఎలా పెట్టుకున్నారా అని ఆమె ఆశ్చర్యపోయేది. బయటపడలేదన్న నిమ్మది ఒక పక్క, వచ్చే శుక్రవారం మళ్లీ పట్టాలన్న దిగులు ఇంకో పక్క. ఆయన అమాయకత్వం మీద ఆమెకు రోజురోజుకూ కోపం పెరిగింది.

ఒక ఆదివారం వాళ్లావిడ వాసంతిగారు ఫోన్ చేశారు.

"అమ్మా ఉదయశ్రీ, మీ సార్‌కి కాస్త నువ్వైనా చెప్పమ్మా. బీరువాలోంచి నా పట్టుచీరలు మంచం కిందికి పోయాయి, మెడలు బీరువాలోకి వచ్చాయి. మొన్న మా ఆడపడుచు తువ్వాలు కోసం తలుపు తీసి కెవ్వున అరిచింది. ప్రతి ఆదివారం బాలానగర్ పోయి ఎవరో వర్క్‌షాపు ఆయన చేత చెక్క గీయించుకొస్తున్నారు. నిన్న నా చెయ్యి పట్టుకున్నారమ్మా. ముచ్చటపడి చూద్దును కదా, గాజు కొలుస్తున్నారు."

"నా మాట ఎక్కడ వింటరు మేడం?"

"ఇప్పుడు ఇంకో పిచ్చి పట్టుకుంది. చూపుడు వేలు వంచి, చాపడానికి రాకుండా ప్లాస్టర్ చుట్టుకుని వాయిస్తున్నారు. అదేంటండీ అంటే, అలవాటు చేసుకుంటున్నా అంటారు. పప్పన్నం కూడా ఎడమచేత్తో గిన్నె పట్టుకోకుండానే తింటున్నారు."

వేలు బాగున్నవాడికి ఇదేం రోగమని ఉదయశ్రీ తల పట్టుకుంది. బాగున్న వేలంటే విలువ తెలియని మనిషని ఆమెకు ఇంకాస్త కడుపు మండింది.

పోటీకి ముందు నిర్వాహకులు వచ్చి ఒక్కో బ్యాండు పాట విని వెళ్లే పద్ధతి ఉంది. వాళ్లొచ్చే రోజున కూడా వెంకటరామయ్యగారు కొత్త మెడతోనే దిగారు. ఉదయశ్రీ దండం పెట్టింది.

"సార్, ఇయ్యాల ఒక్కరోజు జర మెడ జోలికి పోకుండ్రి."

"పోనండి. బిగించేశాను కూడాను."

పాట సగంలో ఉండగా మెడ కదిలింది. తీగలన్నీ శ్రుతి తప్పి, వానలో పిల్లి అరిచినట్టు ఒక శబ్దం వచ్చింది. ప్రశాంత్ కంగారులో కర్ర కింద పడేసుకున్నాడు. వచ్చినవాళ్లు ముఖముఖాలు చూసుకుని, పోటీరోజుకు సరిగ్గా తయారై రండి, లేకపోతే ముందే చెప్పి పేరు తీయించుకోండి అని మర్యాదగానే చెప్పి వెళ్లారు. ఉదయశ్రీ ఇక ఆగలేదు.

"ఏంది సార్ గిది? నా పాట సార్ అది! మీకు ఆటలెక్క ఉన్నదా? మెడలు, రేకులు, వెలుతురు! పాట ఖరాబైతే మీకు ఫికర్ లేదు. ఇగ మీరు రాకుండ్రి. మేమే ఏమన్న చేసుకుంటం."

వెంకటరామయ్యగారు గిటారు పెట్టెలో సర్దుకున్నారు.

"అలాగేనండి," అన్నారు. స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నారు. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగారు. "వెళ్లేముందు ఒక్కసారి ఎఫ్..."

ఉదయశ్రీ ఆయనకన్నా ముందే గది దాటి వెళ్లిపోయింది.

కోపం దిగాక అసలు చిక్కు తెలిసింది. "అక్కా, గిటారు ల్యాకుండా పాట యాడిది? నువ్వే వాయించక్కా," అన్నాడు ప్రశాంత్. ఆమె అల్మారాలోంచి తన గిటారు ఇంటికి తీసుకుపోయి తలుపులేసుకుని కూర్చుంది. వేలు తిప్పి చూసింది, నొక్కి చూసింది, పక్కకు వాల్చి చూసింది. ఎఫ్ దగ్గరికి వచ్చేసరికి వాన ఆగిపోయేది. ఆ పాటలో ఎఫ్ పల్లవి చివర వస్తుంది. పల్లవి మళ్లీ మళ్లీ వస్తుంది.

పోటీరోజు సాయంత్రం రాయదుర్గంలో ఆరుబయట వేదిక. వెనక డేరాలో బ్యాండులన్నీ శ్రుతులు సవరించుకుంటున్నాయి. ఉదయశ్రీ ఒడిలో గిటారు పెట్టుకుని ఆఖరిసారి ఎఫ్ పట్టింది. టప్ మంది. లేచి నిలబడింది.

"ప్రశాంత్, పోయి మన పేరు తీసెయ్యమని చెప్పొస్త. నాతోని కాదు."

వాడు ఏదో అనబోయి, పాత తిట్లు గుర్తొచ్చి ఊరుకున్నాడు. ఆమె డేరా గుడ్డ ఎత్తేసరికి ఎదురుగా గిటారు పెట్టె మోసుకుంటూ వెంకటరామయ్యగారు.

"రావద్దన్నారు కదా, చూసిపోదామని వచ్చానండి."

"చూసెటోళ్లు గిటారు ఎందుకు తెచ్చిన్రు?"

"ఈ మెడ నాకు అస్సలు పడట్లేదండి. మరీ గుండ్రం, తీగ సాగదీస్తే గొంతు నొక్కినట్టు ఆగిపోతోంది. నాకు చదునుది కావాలి. మీది పదహారు. ఈ ఒక్కపూటకి మార్చుకుందామా?"

"నేను వాయిస్తలేను సార్. పేరు తీయించనీకి పోతున్న."

"అలాగేనండి, తీయించండి. తీయించేముందు ఒక్కసారి ఎఫ్ పట్టి చూడండి."

ఉదయశ్రీకి తిక్క నెత్తికెక్కింది. ఈ మనిషిని వదిలించుకోవాలంటే ఒకటే దారి. ఆయన చేతిలోంచి గిటారు లాక్కుని, ప్రశాంత్ చేతిలోంచి తీగ మీటే బిళ్ల లాక్కుని, వేలు అడ్డంగా పరిచి, కసిగా ఒక్క మీటు మీటింది.

ఆరు తీగలూ మోగాయి.

ఆమె చెయ్యి గాల్లో ఆగిపోయింది. మళ్లీ మీటింది. నడిమి తీగలు రెండూ మిగతావాటితో కలిసి నిండుగా మోగాయి. పక్క బ్యాండు పిల్ల తలెత్తి చూసింది. ప్రశాంత్ నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఉదయశ్రీ తన వేలి వంక చూసుకుంది. సాపు కాని వేలు, ఆ వంపు మెడ మీద గుర్రం మీద జీనులా కూర్చుంది.

ఆమె చెయ్యి చాపింది. "రేకులు ఇటియ్యుండ్రి సార్."

ఎప్పుడూ అడక్కుండానే చూపించే మనిషి మొదటిసారి వెనక్కి జరిగారు. "అవెందుకండి ఇప్పుడు?"

ఆమె ఆయన జేబులోంచి గుత్తి తీసి, అన్నిటికన్నా గుండ్రటి రేకును వెతికి, దాని ఉబ్బెత్తు అంచును తన చూపుడు వేలి లోపలివైపు ఆనించుకుంది. డేరాలో వేలాడే బల్బు వైపు ఎత్తి, ఒక కన్ను మూసింది.

వెలుతురు రాలేదు.

"నా వేలు ఎప్పుడు కొలిచిన్రు సార్?"

"కొలవలేదండి. కొలుస్తానంటే బతకనిచ్చేవారా? క్యాంటీన్లో మీరు టేబుల్ మీద అరచెయ్యి ఆనించినప్పుడు ఆ వేలి కింద మాత్రం వెలుతురు వచ్చేది. ఎంత వంపో తెలియక మెడలు మార్చి మార్చి చూశాను. ఎఫ్ పట్టిస్తే ఎన్ని తీగలు మోగలేదో తెలిసేది. వారం వారం పట్టిస్తే మీ వేలికీ అలవాటవుతుంది కదా అని." ఆయన మనసు ఒప్పుకోనట్టు, "ఇది సరిగ్గా ఏడుంపావు కాదండి. ఇంకో పిసరు గీయించాను. ఒత్తినప్పుడు చర్మం సర్దుకుంటుంది, దానికీ చోటు కావాలి," అన్నారు.

"నాతోని ముందే చెప్తే ఏమైతుండె?"

"ప్రశాంత్ అడిగితే ఏమైందో చూశానుగా." ప్రశాంత్ గట్టిగా తలూపాడు. "వేలిలో లోపమంటే మీకు కష్టం. మెడలో లోపమంటే ఎవరికీ కష్టం లేదు. నిజానికి మెడదే లోపమండి. చెక్క అన్నాక గీస్తే మారుతుంది. వేలిని గియ్యలేం కదా."

ఉదయశ్రీకి ఆయన్ని తిట్టాలనిపించింది. ఇన్ని శుక్రవారాలు తన ప్రాణం తీసినందుకు, వాసంతిగారి చీరలు మంచం కింద పడేసినందుకు, వేలికి ప్లాస్టర్ చుట్టుకుని పప్పన్నం తిన్నందుకు. కానీ ఏడాదిగా ఆమెకు ఇంత సంతోషం లేదు. రేకుల గుత్తి ఆయన జేబులో వేసి, తన గిటారు తీసి ఆయన చేతిలో పెట్టింది.

"పదహారు సార్. రొట్టెల పీట. మంచిగ వాయించుండ్రి, లేకపోతే మల్ల తిడ్త."

మొదటి పల్లవిలో ఒకచోట ఆమె చెయ్యి పాత చదునే అనుకుని తడబడింది. రెండో పల్లవికి సర్దుకుంది. మూడో పల్లవికి రాయదుర్గం అద్దాల మేడల మధ్య సిద్దిపేట రేకుల కప్పు మీద పడే వాన పడింది. వెంకటరామయ్యగారు ఆ వానకు అడ్డురాకుండా పక్కన సన్నగా గమకాలు పోయారు. ఒక్కసారి కూడా ఏదీ కొలవలేదు.

వాళ్లకు మూడో బహుమతి వచ్చింది. మొదటిది వచ్చినంత గోల చేశాడు ప్రశాంత్. ఏ కంపెనీ బ్యాండుకు ఆ కంపెనీ పెద్దే ఇవ్వాలని ఆనవాయితీ, అందుకని నారాయణప్పగారు వేదిక ఎక్కారు. షీల్డు పొట్టి బల్ల మీద ఉంది. తీయడానికి ఆయన నడుం వంచారు. నున్నటి తల సరిగ్గా వెంకటరామయ్యగారి ముందుకు వచ్చి ఆగింది. ఆయన చెయ్యి మెల్లగా చొక్కా జేబులోకి పోయింది.

"అక్కా, అక్కా! సార్ చెయ్యి పట్టుకో!" ప్రశాంత్ పళ్ల మధ్యనుంచి అరిచాడు.

ఉదయశ్రీ చెయ్యి పట్టుకోలేదు. స్టేజీ లైటుకు తను అడ్డుగా ఉన్నట్టు తోచి ఓ అడుగు పక్కకు జరిగింది.

"ఇప్పుడు చూడుండ్రి సార్, మంచిగ కనవడ్తది," అంది నెమ్మదిగా. "ఏమన్న వెలుతురు వస్తుందా?"

వెంకటరామయ్యగారు రేకును ఆ తలకు ఆనీ ఆనకుండా పట్టి, ఒక కన్ను మూశారు. ఆయన ముఖం విచ్చుకుంది.

"లేదండి," అన్నారు. "పన్నెండే."